డ్రోన్ రొద: డెసిబెల్ కొలతకు అందని నగర శబ్దం

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా శివారు ప్రాంతమైన బోనిథన్‌లో 2018లో వింగ్ సంస్థ ఇళ్ళకు డ్రోన్ల ద్వారా సరుకులు చేరవేసే ప్రయోగం చేపట్టింది. అనతికాలంలోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. పెరట్లో కూర్చోలేకపోతున్నామని, పెంపుడు కుక్కలు బెదురుతున్నాయని నివాసులు వాపోయారు. స్థానిక శాసనసభ సంఘం విచారణ జరిపింది. సంస్థ తక్కువ కీచుదనం గల డ్రోన్‌ను రూపొందించవలసి వచ్చింది. లారీ మోతను సహించే నగరవాసి డ్రోన్ రొదను ఎందుకు సహించలేకపోతున్నాడు?

సమాధానం శబ్ద తీవ్రతలో కంటే శబ్ద స్వభావంలో ఉంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే రెండు రెక్కల రోటరు సెకనుకు 200 సార్లు గాలిని కొడుతుంది. ఆ పౌనఃపున్యం, దాని గుణిజాలు కలిసి స్పష్టమైన స్వరంగా వినిపిస్తాయి. డ్రోన్‌కు అటువంటి రోటర్లు నాలుగో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. గాలి తాకిడికి ఒరిగిపోకుండా ప్రతి రోటరూ క్షణక్షణం వేగం మార్చుకుంటుంది. అందువల్ల ఆ స్వరాలు ఒకదానితో ఒకటి కలవక, స్థిరపడక ఊగిసలాడుతుంటాయి. చెవి వాటికి అలవాటుపడటం కష్టం. తెలుగులో హోరు, మోత, రొద అనే మాటలు వేర్వేరు అనుభవాలను సూచిస్తాయి. డెసిబెల్‌కు ఆ వివేచన లేదు.

నాసా పరిశోధకులు క్రిస్టియన్, కాబెల్ 2017లో ఈ భేదాన్ని ప్రయోగపూర్వకంగా పరిశీలించారు. 38 మంది శ్రోతలకు డ్రోన్ల, రోడ్డు వాహనాల శబ్దాలను వినిపించగా, తీవ్రత సమానంగా ఉన్నప్పటికీ డ్రోన్ శబ్దమే ఎక్కువ చికాకు కలిగించింది. టోరిహా బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో మరొక కోణం కనిపిస్తుంది. రద్దీ రోడ్ల పక్కన డ్రోన్ ఎగిరితే చికాకు సుమారు 1.3 రెట్లయింది, వాహనాలు తక్కువగా ఉన్నచోట అది 6.4 రెట్ల వరకూ పెరిగింది. కనుక డ్రోన్లను రద్దీ మార్గాల మీదుగా నడపాలన్న సూచన వచ్చింది. శాస్త్రీయంగా ఇది సబబే. కానీ ఇప్పటికే మోత భరిస్తున్నవారి నెత్తినే మరొక మోత పెట్టడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు సైతం డెసిబెల్ సగటు మీదనే ఆధారపడ్డాయి. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. 65 డెసిబెళ్ళ డ్రోన్ గంటలో ఒక్క నిమిషం ఇంటిమీద ఎగిరితే గంట సగటుకు అది చేర్చేది సుమారు 47 డెసిబెళ్ళు. అదే డ్రోన్ గంటకు ఐదుసార్లు వచ్చినా లెక్క 54 దగ్గరే ఆగుతుంది.