గది వేడిమిని కాచు కవాటము

ఐరోపాలోని శీతలదేశములలో పెక్కు గృహములందు గదిగదికి రేడియేటరను లోహపు పలక యుండును. అందు వేడినీరు ప్రవహించి గదిని వెచ్చజేయును. 1943లో డెన్మార్కు దేశీయుడు మాడ్స్ క్లౌసెన్ దానికి స్వయముగా పనిచేయు కవాటమును రూపొందించెను. గది వేడెక్కగనే దానిలోని పదార్థము వ్యాకోచించి, కడ్డీని నెట్టి, నీటిదారిని మూయును.

నేటి కొన్ని కవాటములలో ఆ పనిని బ్యాటరీతో నడచు చిన్న మోటారు చేయును. ఇంటిలోని కేంద్రయంత్రము ఏ వేళకెంత వేడిమి వలయునో రేడియో తరంగములద్వారా దానికి తెలుపును. కిటికీ తెరచినచో నీటిని నిలుపుమనును.

అయితే ఒక చిక్కు కలదు. రేడియేటరు చెంతనే యుండుటచే కవాటము గదియంతయు వెచ్చబడినదని పొరబడవచ్చును. అప్పుడు మూలనున్న మంచముపై వృద్ధులు చలికి వణకుచుండగనే నీరు నిలిచిపోవును. కనుక ఉష్ణమాపకమును మనుష్యులు మసలు చోట వేరుగా నుంచి, ఆ కొలతనే కవాటమునకు అందజేయవలెను. కొలుచు చోటు తప్పినచో యంత్రపు తెలివి వ్యర్థము.