ముప్పు కుండలో కాదు, తెట్టులో

అమెరికాలో తుపాకీతో గురి సాధన చేసేవాళ్లు కొందరు తూటా కొనకు బిగించే సీసపు గుండును ఇంటి వెనుక షెడ్డులో తామే పోసుకుంటారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అక్కడ మాత్రం అది తరతరాలుగా సాగుతున్న వ్యాపకం. కారు చక్రాలకు తూకం సరిచేయడానికి తగిలించే పాత సీసపు ముక్కలను కరెంటు కుండలో కరిగిస్తారు, తెట్టు తీసేస్తారు, గరిటెతో అచ్చులో పోస్తారు. ఇందులో జాగ్రత్త అనగానే ఎవరికైనా తోచేవి రెండే: పొగ, కాలిన గాయం. రెండూ నిజమైన ప్రమాదాలే. కానీ మనిషిని ఏళ్ల తరబడి వెంటాడేది ఆ రెండూ కాదు, కుండ చల్లారాక బల్లమీద, చొక్కామీద, వేళ్ల సందుల్లో మిగిలిపోయే ధూళి.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 1,749 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గుండ్లు పోసే కుండ సాధారణంగా 350, 400 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడిలో సీసం ఆవిరి కావడం అత్యల్పం. 500 డిగ్రీలకు దగ్గరపడే కొద్దీ ఆ భయం పెరుగుతుంది కాబట్టి కుండలో థర్మామీటరు ఉండి తీరాలి. ఈ లెక్క చూపించే చాలామంది అనుభవజ్ఞులు "ఆవిరే లేనప్పుడు విషం ఎక్కడిది?" అని అడుగుతారు. లెక్క సరైనదే, దాంట్లోంచి తీసిన తీర్పే తప్పు. కరిగిన సీసం అద్దంలా మెరుస్తూ ఉండగానే గాలి తగిలి పైన ఒక మసక పొర కడుతుంది. అదే తెట్టు, అంటే సీసపు ఆక్సైడు. దాన్ని చెంచాతో అంచుకు లాగి డబ్బాలో తట్టినప్పుడు ముక్కలతోపాటు మెత్తని పసుపు, బూడిద రంగు పొడి లేస్తుంది. 0.3 మిల్లీమీటర్ల ఉప్పు రవ్వ పరిమాణంలో ఉన్న ఒక్క ఆక్సైడు రేణువులో 200 మైక్రోగ్రాములకు పైగా సీసం ఉంటుంది. పిల్లలకు ఆహారంలో చేరే సీసం రోజుకు 2.2 మైక్రోగ్రాములు మించకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హద్దు గీసింది. అంటే ఉప్పు రవ్వంత రేణువులో సుమారు వంద రోజుల కోటా ఉందన్నమాట.

ఆ రేణువు ఎవరి నోట్లో పడుతుందన్నది ముఖ్యం. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంట పట్టేది పదో వంతు అటూఇటూ అయితే, పసిపిల్లల ఒంట పట్టేది దాదాపు సగం. ఇనుము, కాల్షియం తక్కువైన శరీరం ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని ఇక్కడే గుర్తుచేసుకోవాలి. రక్తంలో చేరిన సీసం సగానికి తగ్గడానికి నెల రోజులు పడితే, కాల్షియంలా నటించి ఎముకలో స్థిరపడినది దశాబ్దాలు ఉంటుంది. గర్భిణి ఎముకల్లోంచి కరిగి బిడ్డకూ చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

సెనెగల్ రాజధాని డకార్ శివార్లలోని థియారాయ్‌లో 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు పద్దెనిమిది మంది పిల్లలు చనిపోయారు. పాత బ్యాటరీలు విప్పిన చోట సీసం కలిసిన ఇసుకను జనం సంచుల్లో ఇళ్లకు తెచ్చుకుని జల్లించారు. 2010లో నైజీరియాలోని జంఫారాలో బంగారం కోసం సీసం కలిసిన రాయిని ఇళ్ల ముంగిళ్లలోనే పొడి చేశారు. అక్కడ పోయిన పిల్లలు నాలుగు వందలకు పైనే. రెండు చోట్లా పిల్లలను చంపింది ప్రధానంగా ధూళే. అవి ఊళ్లకు ఊళ్లు చేసిన పని, నాలుగు కిలోలు కరిగించే వ్యాపకంతో పోలికేమిటంటారా? పరిమాణంలో పోలిక లేదు, దారి మాత్రం ఒకటే: నేలమీది ధూళి, చిన్నారి చెయ్యి, నోరు. 1978లో అమెరికా ప్రభుత్వం కర్మాగారాలకు ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సీసం దాటకూడదని నిబంధన పెట్టింది. అది దాటిన చోట పని బట్టలకు, ఇంటి బట్టలకు వేరువేరు అరలు, స్నానపు గదులు, విడిగా భోజనశాల ఉండాలన్నది. షెడ్డుకు, వంటింటికి మధ్య అలాంటి గోడ కట్టుకోవలసింది పోసేవాడే.

ఆ గోడ కట్టడం కష్టమేమీ కాదు. పని ఆరుబయట చేయాలి, పిల్లలు, గర్భిణులు దరిదాపుల్లో ఉండకూడదు. తెట్టును మూతున్న ఇనప డబ్బాలో వేయాలి. చీపురు ముట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ పనికి ఒక చొక్కా, ఒక జత బూట్లు కేటాయించి, ఇంటి బట్టలతో కలపకుండా ఉతకాలి. గుడ్డ మాస్కు ఇంత సన్నని ధూళికి పనికిరాదు. మంచి రెస్పిరేటరు పెట్టుకున్నా, చేతులు కడగకుండా తినే బిస్కెట్టును అది ఆపలేదు. సబ్బు ఒక్కటే సీసాన్ని పూర్తిగా వదిలించదు, దానికోసమే తయారైన తుడుపు కాగితాలు దొరుకుతున్నాయి. తడి విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. నీటి చుక్క ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. చెమ్మ ఉన్న ముక్క కరిగిన సీసం కింద చిక్కిందంటే కుండలోది ముఖం మీదికి చిమ్ముతుంది.

"మా తాత నలభై ఏళ్లు పోశాడు, ఏమీ కాలేదు" అనే మాటకు జవాబు రక్తపరీక్ష ఒక్కటే. పెరిగిన రక్తపోటుకు, దెబ్బతిన్న మూత్రపిండానికి సీసం సంతకం పెట్టి వెళ్లదు, వయసు ఖాతాలో పోతుంది.

మన దగ్గర తూటాలు పోయకపోయినా సీసం కరుగుతూనే ఉంది. విసురువల అంచుకు కట్టే సీసపు గుండ్లకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. పాత బ్యాటరీ మాత్రం ఏ జాగ్రత్తతోనూ ఇంట్లో కరిగించదగ్గది కాదు. దాని పలకల్లో ఆర్సెనిక్, యాంటిమొనీ, కాల్షియం ఉండొచ్చు. అలాంటి తెట్టుకు తేమ తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుట్టగలవు. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్నచోటే పాతది ఇచ్చేస్తే పెరట్లో కొలిమి పెట్టే పనే ఉండదు.