జిమ్నాస్టిక్సులో డబుల్ ప్రమోషన్

నాలుగవ తరగతిలో కూర్చుండి ఐదవ తరగతి లెక్కలు చేయుచున్న పిల్లవానిని చూచి, వీనిని ఒక యేడు దాటించిన బాగుండునేమో యని తలపని ఉపాధ్యాయుడు అరుదు. ఒకప్పుడు మన బడులలో దీనిని డబుల్ ప్రమోషన్ అనెడివారు. అందులో పొరపాటు జరిగినచో పిల్లవాడు పై తరగతిలో భిన్నముల దగ్గర తడబడును. సాయంకాలము కూర్చుండబెట్టి మరల చెప్పినచో సరిపోవును. జిమ్నాస్టిక్సులోను ఇట్టి ప్రశ్నయే వచ్చును. ఐతే అక్కడ తడబడు చోటు నేలకు నాలుగడుగుల ఎత్తున, 10 సెంటీమీటర్ల వెడల్పున ఉండు దూలము.

అమెరికాలో బాలికల జిమ్నాస్టిక్సు శిక్షణ 10 మెట్లుగా విభజింపబడి యున్నది. మొదటి ఐదు మెట్లలోను దేశమంతట ఆ మెట్టు బాలికలందరు ఒకే విన్యాసమును చేయవలెను. నేలపై చేయు విన్యాసమునకు సంగీతము కూడ ఒకటియే. ఆరవ మెట్టు నుండి ఎవరి విన్యాసమును వారు కూర్చుకొందురు. అందులో ఏ యే అంశములు తప్పక ఉండవలెనో నియమములు చెప్పును. వాల్టు, ఎగుడుదిగుడు కమ్మీలు, దూలము, నేల అను నాలుగింటికి ఒక్కొక్కదానికి 10 చొప్పున మొత్తము 40 మార్కులు. పడిపోయినచో అర మార్కు పోవును. కొన్ని మెట్ల వద్ద నిర్ణీతమైన మొత్తము వచ్చినగాని పైకి పోనీయరు. ఆ మొత్తమును ఒక పోటీలో తెచ్చుకొని, మిగిలిన పోటీలను వదలి పై మెట్టుకు పోవువారు కలరు. ఐదు నుండి ఏడుకు పోయి, ఆరవ మెట్టును దాటివేయుట అక్కడి క్లబ్బులలో అపురూపమైన సంగతి కాదు.

తొమ్మిదేండ్ల బాలిక యొకతె ఐదవ మెట్టులో ఏడాది పొడవున మొదటి స్థానములు తెచ్చుకొన్నదనుకొందము. శరీరమును నిటారుగ ఉంచి వెనుకకు వేయు పల్టీ ఏడవ మెట్టులో సామాన్యముగ కనబడును. ఆమె దానిని స్పంజి ముక్కలు నింపిన గోతిలో వేయగలదు. తలిదండ్రులకు సంతోషము. “పల్టీ వచ్చినది గదా, ఇంక ఆరవ మెట్టు దేనికి?” అని అడుగుదురు. ప్రశ్న న్యాయముగనే కనబడును. కాని “వచ్చుట” అను మాటలో చాల అంతస్తులున్నవి. ఆరవ మెట్టు ఏ పని చేయుచున్నదో తెలిసినగాని దానిని వదలవచ్చునో లేదో తేలదు.

ముందుగా భౌతికశాస్త్రము ఏమి చెప్పునో చూడవలెను. ఎగిరినప్పుడు శరీరపు గరిమనాభి అర మీటరు పైకి లేచి, మరల అంతే దిగినదనుకొన్నచో, గాలిలో గడచు కాలము 0.64 సెకండు. హైస్కూలు విద్యార్థి ఈ లెక్కను చేసి చూచుకొనవచ్చును. పల్టీ యంతయు ఆ కాలములో ముగియవలెను. పాదములు నేలను విడిచిన తరువాత కోణీయ ద్రవ్యవేగమును పెంచుకొనుటకు గాలిలో ఏ ఆధారమును లేదు. మార్చుకొనదగినది జడత్వ భ్రామకము ఒక్కటియే. మోకాళ్ళను రొమ్మునకు ముడిచినచో అది నిటారు శరీరమునకు ఉన్న దానిలో సుమారు మూడవ వంతునకు తగ్గును. అందుచే తిరుగు వేగము హెచ్చును.

కనుక ముడిచి వేయు పల్టీలో పొరపాటు దిద్దుకొనుటకు కొంత తావున్నది. ఎగురుట కొద్దిగ తక్కువైనను, ఇంకను గట్టిగ ముడుచుకొని బాలిక కాళ్ళపై నిలువగలదు. నిటారు పల్టీలో ఆ తావు చాల తక్కువ. ఎగిరిన క్షణముననే లెక్క దాదాపు తేలిపోవును. ఆరవ మెట్టులో నేలపై ముడిచిన పల్టీతో సరిపెట్టుకొనవచ్చును. ఆ ఏడాదిలో బాలిక వందలకొలది మారులు, అలసటలోను, భయములోను, కొత్త హాలులలోను ఎగురుట నేర్చుకొనును. ఆరవ మెట్టు చేయు పని ఇదియే. అది తేలికైన మెట్టు గనుక పనికిరానిదని తలచుట పొరపాటు. తేలికగ నుండుటయే దాని ప్రయోజనము.

ఇక దిగుట. గడ్డివాము మీదికి దూకిన పిల్లవానికి దెబ్బ తగులదు, కళ్ళము మీదికి దూకినవానికి తగులును. ఎత్తు ఒకటియే, వేగము ఒకటియే. ఆగుటకు దొరకిన దూరము వేరు. గరిమనాభి అర మీటరు క్రిందికి పడి, మోకాళ్ళు వంచి 10 సెంటీమీటర్లలో ఆగినచో నేల పాదములపై చూపు సగటు బలము శరీరభారమునకు 6 రెట్లు. 5 సెంటీమీటర్లలోనే ఆగవలసి వచ్చినచో 11 రెట్లు. పల్టీ పూర్తిగ తిరుగక ముందుకు వంగి దిగిన బాలికకు మోకాళ్ళు వంచు వ్యవధి యుండదు. స్పంజి గోతిలో పడినప్పుడు ఈ సంగతి బయటపడదు. గోయి శిక్షణకు మేలైన సాధనమే, కాని పరీక్షకు పనికిరాదు.

ఈ బలములను భరించునది పెరుగుచున్న ఎముక. పిల్లల పొడవాటి ఎముకల చివరల దగ్గర మృదులాస్థితో ఏర్పడిన పెరుగుదల ఫలకములుండును. చుట్టునున్న గట్టి ఎముకకంటె ఇవి బలహీనమైనవి. జిమ్నాస్టు చేతులపై నడచును, చేతులపై ఎగురును. మానవుని మణికట్టు ఈ పనికి ఏర్పడినది కాదు. ముంజేతిలోని రత్ని అను ఎముక క్రింది చివరనున్న ఫలకము పదే పదే నొక్కుడు పడుటచే దెబ్బతినుట వైద్యులకు బాగుగ తెలిసినదే. దానికి “జిమ్నాస్టు మణికట్టు” అనియే పేరు పడినది. మెట్టు ఒక్కసారి రెండంతలు మారినప్పుడు కొత్త అంశముల అభ్యాసము, దానితో చేతులపై పడు దెబ్బల సంఖ్య అకస్మాత్తుగ పెరుగును. మణికట్టు నొప్పి యని చెప్పిన పిల్లకు “అలవాటగునులే” అని సమాధానము చెప్పు శిక్షకుని చేతికి ఏ మెట్టును అప్పగింపరాదు.

పెరుగుదలలో మరియొక చిక్కున్నది. ఇది చాలమందికి తోచదు. బాలిక 130 సెంటీమీటర్ల నుండి 143 సెంటీమీటర్లకు పెరిగి, అవయవముల పాళ్ళు మాత్రము మారలేదనుకొందము. ఎత్తు 10 శాతము హెచ్చినది. బరువు ఘనమును అనుసరించి 1.33 రెట్లగును. జడత్వ భ్రామకము బరువును, పొడవు వర్గమును అనుసరించునది గనుక 1.61 రెట్లగును. కండరముల బలము మాత్రము వాని అడ్డుకోతను బట్టి 1.21 రెట్లే. ఎముకలు పొడవైనందున ఆ బలమునకు దొరకు మీట కూడ పొడవగును. ఐనను తిప్పు శక్తి 1.33 రెట్లకు మించదు. 1.33ను 1.61తో భాగించినచో 0.83 వచ్చును. అనగా, ఏ తప్పును చేయకయే, ఏ సోమరితనమును లేకయే, ఆ బాలిక తన శరీరమును తిప్పు వడి సుమారు ఆరవ వంతు తగ్గినది! నిజమునకు పెరుగుదల ఇంత సమముగ జరుగదు. కాళ్ళు చేతులు ముందుగ పొడవై, మొండెము తరువాత అందుకొనును. అప్పుడు తారుమారు ఇంకను ఎక్కువ.

ఈ వేగమైన పెరుగుదల బాలికలకు 12 ఏండ్ల ప్రాంతమునను, బాలురకు 14 ఏండ్ల ప్రాంతమునను పరాకాష్ఠకు వచ్చును. జిమ్నాస్టులలో కొంత ఆలస్యమగుట కద్దు. దానికి ముందు దాటిన మెట్టు నిజముగ దాటినట్లు కాదు, మరల నేర్చుకొనవలసియుండును. నిరుడు వచ్చిన పల్టీ ఈ యేడు పోయినదని యేడ్చు పిల్లలకు ఈ లెక్క చూపుట మేలు. తమ తప్పు లేదని వారికి తెలియును.

ఇంక మనస్సు సంగతి. పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1967లో నైపుణ్యము మూడు దశలలో అలవడునని వివరించిరి. మొదట ప్రతి కదలికను ఆలోచించి చేయుట. తరువాత తప్పులు తగ్గుట. కడపట ఆలోచన లేకయే జరిగిపోవుట. సైకిలు నేర్చుకొన్నవారికి ఇది అనుభవమే. గాలిలో అర సెకండుకు కొద్దిగ మించి మాత్రమే ఉన్నప్పుడు మొదటి దశ ఏమాత్రము చాలదు. అంతటి సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్సు జట్టు పోటీలో వాల్టుపై రెండున్నర మెలికలు తిరుగ సంకల్పించి, గాలిలో తానెక్కడ నున్నదో తెలియక ఒకటిన్నరతో దిగి, పోటీ నుండి తప్పుకొన్నది. ఎన్నో ఏండ్ల అభ్యాసము ఉన్నందున కాళ్ళపై దిగగలిగినది.

ఎలీనా ముఖీనాకు ఆ అదృష్టము లేకపోయెను. 1978లో ప్రపంచ విజేతయైన ఈ సోవియట్ జిమ్నాస్టు 1979లో కాలు విరుగగొట్టుకొనెను. కాలికి పూర్తి బలము రాకముందే కఠినమైన థామస్ పల్టీని ఆమెచే సాధన చేయించిరి. 1980 జూలైలో, మాస్కో ఒలింపిక్సుకు రెండు వారముల ముందు, మిన్‌స్క్ నగరమున ఆమె పల్టీ పూర్తిగ తిరుగక గడ్డము నేలకు తగిలి మెడ విరిగెను. అప్పటికి ఆమెకు 20 ఏండ్లు. 2006లో మరణించువరకు మంచము, చక్రాల కుర్చీయే ఆమెకు గతియయ్యెను. ఆమెకు పల్టీ రానిది కాదు. వచ్చిన పల్టీకి ఆనాడు కాలి బలము చాలలేదు.

ఇట్లని మెట్టు దాటించుట ఎల్లప్పుడును తప్పనరాదు. పదకొండేండ్లకు, ఇతర వ్యాయామములలో బలము సంపాదించి వచ్చిన బాలికను ఏడేండ్ల పిల్లల మధ్య నిలుపుట వలన ప్రయోజనము లేదు. వరుసగ మూడవ యేడును అదే సంగీతమునకు అదే విన్యాసము చేయుచున్న పిల్ల విసిగి ఆటనే మానవచ్చును. ఇదియు నష్టమే. అదియునుగాక, మెట్టును పోటీలలో వదలుట వేరు, సాధనలో వదలుట వేరు. ఆరవ మెట్టు అంశములను వ్యాయామశాలలో కడముట్ట నేర్పి, పోటీలను మాత్రము తగ్గించు శిక్షకులు కలరు. కాలహరణము తగ్గును, పునాది చెడదు. శిక్షకుని అడుగదగినది “ఎప్పుడు దాటింతురు?” అని కాదు, “దాటించినచో ఆ అంశములను ఏ నెలలలో నేర్పుదురు?” అని.

నాలుగు సాధనములును సమముగ సాగుచున్నవా యన్నదియు చూడవలెను. హైదరాబాదుకు చెందిన బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్పు పోటీలో వాల్టులో కాంస్య పతకము సాధించెను. పెద్దలకు ఇట్లు ఒక్క సాధనమున రాణించు అవకాశమున్నది. పిల్లల మెట్లకు నాలుగింటి మొత్తమే లెక్క. నేలపై ఏడవ మెట్టునకు తగిన పిల్ల కమ్మీలపై ఐదవ మెట్టులోనే యుండవచ్చును. ఏడవ మెట్టు బాలికలు కమ్మీపై చేతులు చాచి పూర్తి చుట్టు తిరుగుట సామాన్యము. చేయి జారినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

తొందరకు కారణముగ కొందరు నాదియా కొమనేచి పేరు చెప్పుదురు. 1976లో మాంట్రియాలులో ఆమెకు 14 ఏండ్లు; పదికి పది తెచ్చుకొన్నది. ఇప్పుడు అది పోలిక కానేరదు. 1997 నుండి స్త్రీలు పెద్దల అంతర్జాతీయ పోటీలలో పాల్గొనుటకు ఆ సంవత్సరములో 16 ఏండ్లు నిండవలెను. తొమ్మిదేండ్ల పిల్లకు అప్పటికి ఏడేండ్ల వ్యవధి యున్నది. ఒక యేడు మిగుల్చుకొనుటచే ఒలింపిక్సు దగ్గరకు రాదు.

ఇక పైని చెప్పిన బాలిక మాట. గోతిలో పల్టీ వేసినదని కాక, గట్టి పరుపుపై, సాధన చివర అలసియున్నప్పుడు, వరుసగ పది మారులలో ఎన్ని మారులు కాళ్ళపై నిలిచినదో శిక్షకుడు కొన్ని వారములు వ్రాసి ఉంచవలెను. మణికట్టు, మడమ నొప్పులను పిల్లనే విడిగా అడుగవలెను. తలిదండ్రుల యెదుట అడిగినచో “లేదు” అనును. వ్యాయామశాల గోడపై గీత గీసి మూడు నెలలకొకసారి ఎత్తు కొలువవలెను. ఆ గీతలు దగ్గర దగ్గరగ నున్నంతకాలము దాటించుటను గూర్చి మాటలాడవచ్చును. రెండు గీతల మధ్య ఎడము ఒక్కసారి పెరిగినచో ఆ మాట వచ్చే యేటికి వాయిదా వేసి, ముడిచిన పల్టీని మరల మొదటి నుండి సరిచూడవలెను.