కంటికి వేయు చుక్కలమందు పడకపోయినప్పుడు

కోతలయందును నూర్పులయందును దుమ్మును పొట్టును కంట పడుట సామాన్యము. అట్టి సమయమున ఇంటనున్న పాతసీసానో, పొరుగువారిచ్చిన సీసానో తీసి రెండు చుక్కలు వేసికొనుట మన గ్రామములలో వాడుకయై యున్నది. ఒక్కొక్కప్పుడు కన్ను నెమ్మదింపకపోగా, మందు వేసినకొలది ఎఱుపెక్కి రెప్పలు వాచును. రోగము ముదిరినదని తలచి రెండు చుక్కలకు నాలుగు వేయుదురు. రోగమే ముదిరి యుండవచ్చును. లేదా ఆ మందే ఆ కంటికి పడక యుండవచ్చును. ఈ రెంటి భేదమును ప్రతి కుటుంబమువారును తెలిసికొనవలెను.

మందు పడకపోవుటను వైద్యులు ఎలర్జీ యందురు. ఈ పేరును 1906లో వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టెను. దీని తీరు రైతులకు క్రొత్త కాదు. వయ్యారిభామ మొక్కను ఏండ్లతరబడి పెఱికినను ఏమియు కానివానికి ఒక యేడు హఠాత్తుగా ముఖము, మెడ, చేతులు కంది దురదపెట్టును. అటుపిమ్మట ఆ మొక్క కొంచెము తగిలినను బాధ తప్పదు. శరీరము ఆ పదార్థమును శత్రువుగా గుర్తుంచుకొనుటయే ఇందులకు కారణము. చుక్కలమందు సంగతియు నిట్టిదే. కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, ఏ బాధయు లేకుండ వాడిన మందే తరువాత పడకపోవచ్చును. కావున “ఎప్పటినుండియో వాడుచున్న మందు గదా” యని దానిని శంకింపకుండుట పొరపాటు. ఒకసారి పడకపోయిన మందును మరల వేసినచో సాధారణముగా ఒకటి మొదలు మూడు దినములలో దురద బయలుదేరును.

దీనికి ముఖ్యలక్షణము దురద. రెప్పలు ఉబ్బును, కన్ను ఎఱ్ఱబడి నీరు కారును, చుక్క జారు క్రిందిరెప్ప చర్మము కంది, పిమ్మట ఎండి పొట్టు రేగును. ఒక కంటికే మందు వేయుచున్నచో తఱచుగా ఆ కంటికే ఈ బాధ కలుగును. వేసిన వెంటనే చుఱుక్కుమని క్షణములో తగ్గునది ఎలర్జీ కాదు. ఉదయమున చిక్కని పుసితో రెప్పలు అంటుకొనుట అంటువ్యాధిని సూచించును. తీవ్రమైన నొప్పి, చూపు మందగించుట, వెలుతురు చూడలేకుండుట, నల్లగుడ్డుపై తెల్లమచ్చ కనబడుట, ఇవి పుండునకు గుర్తులు. వరివెన్నో ఆకో పొట్టో తగిలిన పిమ్మట ఇవి కనబడినచో నాడే కంటి ఆసుపత్రికి పోవలెను.

పడని పదార్థములలో నియోమైసిన్ పేరుపడినది. ఇది 1949లో కనుగొనబడిన సూక్ష్మజీవనాశక మందు. చర్మపు పుండ్లకు పూయు కొన్ని లేపనములలోను ఇదియే యుండును. కాలిపుండుపై లేపనము పూసినప్పుడు దురద పుట్టినవానికి కంటి చుక్కలును పడకపోవచ్చును. అట్టివారికి దాని జాతివే యైన జెంటామైసిన్, టోబ్రామైసిన్ మందులును ఒక్కొక్కప్పుడు పడవు. మందు చెడకుండ సీసాలలో కలుపు బెంజాల్కోనియం క్లోరైడు కూడ కొందఱి కండ్లను మండించును. అది లేని చుక్కలును దొరకును.

నీటికాసులకు వాడు బ్రిమోనిడిన్, డోర్జోలమైడ్ మందులును కొందఱికి పడవు. ఇందు విషయమై మేము చూచినదొకటి చెప్పవలసి యున్నది. అరువదియేండ్లు దాటిన సభ్యులొకరు నీటికాసులకు చుక్కలు వాడుచుండిరి. కొన్ని నెలలకు రెప్పలు దురదపెట్టి వాచెను. మందు మానగానే బాధ తగ్గినది; వారు సంతోషించి వైద్యుని యొద్దకు మరల పోలేదు. నీటికాసులు తఱచుగా నొప్పి లేకుండ చూపును హరించు వ్యాధి. కొంతకాలమునకు ప్రక్కనుండి వచ్చు బండి వారికి కనబడకుండెను. పోయిన చూపు మరల రాదని వైద్యులు చెప్పిరి. మేము విత్తనముల పనిమీద ఆ యింటికి పలుమార్లు పోయితిమి గాని కంటిమందు సంగతి యడుగమైతిమి. మందు మానుటకంటె, దానికి బదులు మఱియొక మందు అడుగక యూరకుండుటయే ఈ నష్టమునకు మూలము.

కావున రైతు సోదరులు ఈ క్రింది విధముగా చేయవలెను.

1. మందు వేసినకొలది దురదయు వాపును హెచ్చినచో చుక్కలు పెంచరాదు. అంగడిలో వేఱొకటి కొని దానిపై వేయరాదు. సీసాతో కూడ మఱునాటికే వైద్యునికి చూపవలెను. నీటికాసుల మందైనచో ఒక్కదినమును జాగుచేయరాదు.

2. దురదకు శుభ్రమైన చల్లని తడిగుడ్డ కప్పవచ్చును. కన్ను నలుపరాదు. ఆకుపసరు, చనుబాలు, ఆముదము పోయరాదు.

3. స్టిరాయిడ్ చుక్కలు ఎఱుపును వెంటనే తగ్గించును. కాని వైద్యుని చీటీ లేక వాడినచో నీటికాసులును శుక్లములును కలుగవచ్చును. బూజువలని పుండు విజృంభించును.

4. చుక్క వేసిన పిమ్మట ఒళ్లంతయు దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరాడకున్నచో 108 వాహనమును పిలువవలెను. ఇది అరుదు గాని ప్రాణాపాయకరము.

5. పడని మందు పేరును కాగితముపై వ్రాసియుంచి, ఏ వైద్యుని యొద్దకు పోయినను చూపవలెను. ఉబ్బసము గలవారు ఆ సంగతియు చెప్పవలెను. టిమోలాల్ అను చుక్కలు వారి ఆయాసమును హెచ్చించును.

6. తెఱచిన సీసాను, వేఱుగా వ్రాసియుండనిచో, నాలుగు వారములకు మించి ఉంచరాదు. ఒకరి సీసాను మఱియొకరు వాడరాదు.

పొలమునకు మందు కొట్టునపుడు డబ్బామీది పేరు చదివి, కొలత చూచి కొట్టుచున్నాము. ఆ పైరును చూచు కన్నుల విషయమున అంతకంటె తక్కువ జాగ్రత్త తగదు. ఈ సంగతిని చదువురాని పెద్దలకు చదివి వినిపింపవలెనని సభ్యులను కోరుచున్నాము.