వెంట్రుక మందం సందు మీద నిలబడే ఐడ్లింగ్

కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు జాబ్ కార్డు రాస్తూ తరచు అడిగే ప్రశ్న ఇది: "థ్రాటిల్ బాడీ క్లీనింగ్ కూడా పెట్టమంటారా సార్? పిక్కప్ పెరుగుతుంది, మైలేజీ వస్తుంది." పని మంచిదే. చేతికి కాస్త ఓపిక ఉన్నవాళ్లు ఇంటి ముందు చెట్టు నీడలో చేసుకోగలిగినదే. కానీ ఆ మాటలోని రెండో సగాన్ని నమ్మి దిగితే నిరాశే మిగులుతుంది. థ్రాటిల్ బాడీలో పట్టిన మసి పాడుచేసేది ఐడ్లింగును. పిక్కప్ మీద, మైలేజీ మీద దాని ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. ఎంత తక్కువో అంకెల్లోనే చూద్దాం.

బలెనో, ఐ20 లాంటి కార్లలో ఉండే 1197 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ను తీసుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి 1.2 లీటర్ల గాలి పీలుస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 6000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే నిమిషానికి సుమారు 3600 లీటర్లు. సిగ్నల్ దగ్గర 750 ఆర్‌పీఎంతో ఆగి ఉన్నప్పుడు ఇదే లెక్కన 450 లీటర్లు రావాలి, కానీ రావు. గాలి దారిని థ్రాటిల్ బాడీలోని బటర్‌ఫ్లై రేకు దాదాపు మూసేస్తుంది. రేకు వెనక, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్‌లో, పీడనం 30 కిలోపాస్కళ్ల దగ్గరకు, అంటే బయటి గాలి పీడనంలో మూడో వంతుకు పడిపోతుంది. సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండదన్నది కూడా కలుపుకుంటే నిమిషానికి లోపలికి వెళ్లే బయటి గాలి ఓ 100 లీటర్లు. తూకంలో సెకనుకు 2 గ్రాములు. 14.7 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోలు చొప్పున నిమిషానికి 8 గ్రాములు, గంటకు 650 మిల్లీలీటర్ల వరకు ఖర్చవుతుంది. ఏసీ వేయకుండా, కారు కదలకుండా ఉన్నప్పటి మాట ఇది.

ఆ 2 గ్రాముల గాలి ఎంత సందులోంచి వెళుతోంది? ఈ లెక్క నాకు చాలా ఇష్టం. లోపలి పీడనం బయటి పీడనంలో 53 శాతం కంటే తగ్గితే, అన్నిటికన్నా ఇరుకైన చోట గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అక్కడ సెకనుకు 300 మీటర్ల పైచిలుకు వేగంతో దూసుకెళుతుంది, అంతకు మించి వెళ్లలేదు. ఐడ్లింగులో ఉన్న దాదాపు ప్రతి పెట్రోలు కారు బానెట్ కింద ఇదే జరుగుతోంది. వేగం పెరగడానికి వీల్లేదు కాబట్టి, ఎంత గాలి పోతుందన్నది పూర్తిగా సందు వైశాల్యం మీదే ఆధారపడుతుంది. 2 గ్రాములకు కావలసిన సందు, అంచుల దగ్గర జరిగే నష్టాన్ని కూడా కలుపుకుని, సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు. థ్రాటిల్ గొట్టం లోపలి వ్యాసం 45 మిల్లీమీటర్లు అనుకుంటే గొట్టం వైశాల్యం 1590 చదరపు మిల్లీమీటర్లు. అందులో తెరిచి ఉన్నది 0.6 శాతం. ఆ 10 చదరపు మిల్లీమీటర్లను 141 మిల్లీమీటర్ల చుట్టుకొలత పొడవునా పరిస్తే సగటు సందు 0.07 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కూడా దాదాపు అంతే. నిజానికి సందు చుట్టూ ఒకేలా ఉండదు. ఇరుసు దగ్గర సున్నా, దానికి అడ్డంగా ఉన్న రెండు వైపులా ఎక్కువ. సగటు మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ అంచు చుట్టూ 0.03 మిల్లీమీటర్ల జిడ్డు పొర పట్టిందనుకోండి. ఐడ్లింగులో 0.07లో 0.03 పోయినట్టు, అంటే 40 శాతానికి పైగా గాలి తగ్గినట్టు. అదే పొర రేకు పూర్తిగా తెరిచినప్పుడు ఆక్రమించేది 4 చదరపు మిల్లీమీటర్లు, 1590లో 0.27 శాతం. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ పావు శాతం ఎవరికీ తెలియదు. మైలేజీ మాటా అంతే. హైవే మీద 80లో పోతున్నప్పుడు గాలి కాస్త తగ్గినట్టనిపిస్తే మీ కాలు తెలియకుండానే ఇంకొంచెం నొక్కుతుంది, రేకు ఇంకొంచెం తెరుచుకుంటుంది, గాలికి తగ్గ పెట్రోలే పడుతుంది.

ఈ జిడ్డు ఎక్కడి నుంచి వస్తుంది? ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన దుమ్ము ఇందులో తక్కువ. అసలు మూలం ఇంజిన్ లోపలే ఉంది. పిస్టన్ రింగుల పక్క నుంచి జారిన వాయువులు క్రాంక్ కేసులో ఆయిల్ ఆవిరితో కలుస్తాయి. వాటిని గాలిలోకి వదలకుండా మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపి కాల్చేసే ఏర్పాటు 1960ల తొలినాళ్లలో అమెరికా కార్లలో మొదలై అన్ని చోట్లకూ వచ్చింది. పీసీవీ అనేది దాన్నే. ఇంజిన్ ఆపాక ఆ వేడికి మానిఫోల్డ్‌లోని ఆవిరి పైకి లేచి చల్లబడుతూ రేకు వెనక వైపు, అంచు ఆనే చోట పేరుకుంటుంది. థ్రాటిల్ బాడీకి గాలి తెచ్చే హోస్ ఊడదీసి టార్చి వేసి చూస్తే ముందు వైపు పలచటి టీ రంగు మరక మాత్రమే కనిపిస్తుంది. రేకు తెరిచి వెనక చూస్తే గొట్టం గోడ మీద గోరుతో గీస్తే వచ్చే నల్లటి వలయం ఉంటుంది. మీరు తుడవాల్సింది దాన్నే.

మరి 40 శాతం గాలి పోతే బండి వెంటనే ఆగిపోవాలి కదా? ఇక్కడే ఇంజిన్ కంప్యూటర్ పనితనం ఉంది. 45 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ లోటు పూడ్చడానికి రేకును ఒక డిగ్రీ కూడా అదనంగా తిప్పనక్కర్లేదు. ఆర్‌పీఎం పడిపోతోందని గమనించగానే కంప్యూటర్ ఆ కాస్తా తిప్పి, ఆ కొత్త స్థానాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పాత కేబుల్ థ్రాటిల్ కార్లలో ఐడ్లింగ్ గాలికి పక్కన వేరే వాల్వు ఉండేది, ఇప్పటి ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో రేకే ఆ పని కూడా చేస్తుంది. అందుకే ఏళ్ల తరబడి మసి పడుతున్నా మనకు తెలియదు. తెలిసేది రెండు సందర్భాల్లో. సర్దుబాటు హద్దు దాటినప్పుడు ఒకటి. జిడ్డు ముదిరి రేకు అంటుకుని, కదలాల్సిన చోట కదలక, కదిలితే ఎగిరినట్టు కదిలినప్పుడు రెండోది. సిగ్నల్ దగ్గర ఏసీ కంప్రెసర్ పడగానే ఆర్‌పీఎం ముల్లు కిందికి జారి స్టీరింగ్ వణకడం, క్లచ్ వదిలేటప్పుడు బండి ఆగిపోవడం, యాక్సిలరేటర్‌ను మొదట తాకగానే కారు ఒక కుదుపుతో ముందుకు పోవడం చాలామంది చూసే లక్షణాలు. మన ఎండల్లో ఏసీ ఎప్పుడూ వేసే ఉంటుంది కాబట్టి ముల్లు జారడమే ముందుగా బయటపడుతుంది.

కిలోమీటర్లు చూసి ఈ పని చేయకండి. 40 వేలకో 60 వేలకో ఒకసారి అని చెప్పేవాళ్లు ఉంటారు, కానీ రోజూ నగరం ట్రాఫిక్‌లో నలిగే బండికీ హైవే బండికీ ఒకే అంకె సరిపోదు. బదులుగా ఓబీడీ డాంగిల్ ఒకటి పెట్టి చూడండి. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి కాబట్టి స్టీరింగ్ కింద ఆ సాకెట్ ఉంటుంది. ముందు కీ ఆన్ చేసి ఇంజిన్ వేయకుండా మానిఫోల్డ్ పీడనం చూడండి. విశాఖలో 100-101 కిలోపాస్కళ్లు చూపాలి. సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర. అలా చూపిస్తే సెన్సర్ సరిగా ఉన్నట్టు. తర్వాత ఇంజిన్ వేసి, పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి ఆర్‌పీఎం, మానిఫోల్డ్ పీడనం, థ్రాటిల్ శాతం మూడూ రాసుకోండి. థ్రాటిల్ శాతం ఐడ్లింగులో 12 నుంచి 18 మధ్య చూపినా కంగారు పడకండి, సెన్సర్ సున్నా దగ్గర మొదలవదు. మీ కారులో ఆ అంకె కాలంతో పాటు పైకి పాకుతోందా అన్నదే ముఖ్యం. పి0506 అనే కోడ్ ఉంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే తక్కువని కంప్యూటరే ఒప్పుకుంటున్నట్టు. లక్షణమూ లేక, కోడూ లేక, అంకె కూడా కదలకపోతే బానెట్ ఎత్తాల్సిన పనే లేదు. డీజిల్ కార్ల వాళ్లకు ఈ లెక్క వర్తించదు, డీజిల్ ఇంజిన్ శక్తిని గాలి మూసి అదుపు చేయదు.

పని విషయానికి వస్తే, థ్రాటిల్ బాడీ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రేనే కొనండి. కార్బ్యురేటర్ క్లీనర్ ఇంకా ఘాటైనది. చాలా థ్రాటిల్ గొట్టాలకు అంచు దగ్గర సందు మూయడానికి సన్నటి పూత ఉంటుంది, ఘాటు ద్రావకం దాన్ని లేపేస్తుంది. కొన్ని కంపెనీలు శుభ్రం చేయొద్దని బాడీ మీదే స్టిక్కరు వేస్తాయి. అది కనబడితే ఆగిపోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కీ తీసి దూరంగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి మొదలుపెట్టాలి. రేకును తిప్పే మోటారుకు వేలు ఉందో లేదో తెలియదు. స్ప్రేలో ఉండే ఎసిటోన్ ఆవిరి −20 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, కాబట్టి తలుపులు మూసిన గ్యారేజీలో, సిగరెట్టు దగ్గర పెట్టుకుని చేసే పని కాదిది.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును వేలితో బలంగా నెట్టకూడదు. లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలు ఉంటాయి. అందుకే బాడీని ఊడదీసి చేయడమే మేలంటాను. సాధారణంగా నాలుగు బోల్టులే. వేడి నీటి పైపులు తగిలించిన రకమైతే మాత్రం షెడ్డుకు ఇవ్వండి. స్ప్రేను నేరుగా కొట్టకుండా పాత మెత్తటి బనీను గుడ్డను తడిపి, రేకు అంచు, దాని వెనక వలయం తుడవండి. తీగ బ్రష్షు, ఇసుక కాగితం వద్దు. ఇరుసు రెండు కొనల దగ్గర ద్రావకం చేరితే రేకు స్థానం చెప్పే సెన్సర్‌లోకి దిగుతుంది. ఊడదీయకుండానే బండి మీద స్ప్రే కొట్టేవాళ్లు మానిఫోల్డ్‌లో నిలిచే ద్రవం గురించి ఆలోచించరు. ఒక్కో సిలిండర్ 299 సీసీ, కంప్రెషన్ 11:1 అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 మిల్లీలీటర్లు మాత్రమే. డబ్బాలో ఉండేది 500. ద్రవం నలగదు, వంగేది కనెక్టింగ్ రాడ్డు.

తుడిచాక బాడీని ఎత్తి వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. రేకు చుట్టూ, ఇరుసుకు అటూ ఇటూ, నెలవంకల్లా రెండు సన్నటి వెలుగు గీతలు కనిపిస్తాయి. ముందు లెక్క కట్టిన సందు అదే. మళ్లీ బిగించేటప్పుడు సీలింగు రింగు గాడిలోనే ఉందా చూసుకోండి. ఈ సైజు బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల చుట్టూ చాలు, ఖచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. 15 సెంటీమీటర్ల పిడితో అయితే అది ఏడు కిలోల బరువు వేలాడదీసినంత బలం. మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, అంతకు మించితే లోపలి ఇత్తడి మర తిరిగిపోతుంది.

తర్వాత ఇంజిన్ వేస్తే ఐడ్లింగ్ 1200కో 1500కో ఎక్కి కూర్చోవచ్చు. భయపడాల్సింది లేదు. మసి ఉన్నప్పుడు నేర్చుకున్న అదనపు తెరుపును కంప్యూటర్ ఇంకా వదల్లేదు, కాబట్టి 10 చదరపు మిల్లీమీటర్లు చాలిన చోట 14 తెరిచి ఉంటుంది. పి0507, అంటే ఐడ్లింగ్ ఎక్కువ అనే కోడ్ కూడా పడవచ్చు. చాలా కార్లలో ఏసీ, లైట్లు ఆపి, యాక్సిలరేటర్ తాకకుండా పది పదిహేను నిమిషాలు తిరగనిస్తే అదే సర్దుకుంటుంది. నిస్సాన్ కార్లకూ, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకూ తరచు స్కాన్ టూల్‌తో మళ్లీ నేర్పించాల్సి వస్తుంది, పని మొదలుపెట్టక ముందే ఆ ఏర్పాటు చూసుకోండి.

రెండు మూడు రోజులు నడిపాక ముందు రాసుకున్న మూడు అంకెలతో పోల్చండి. థ్రాటిల్ శాతం ఒకటి రెండు పాయింట్లు తగ్గి, ఏసీ పడినప్పుడు ముల్లు జారడం ఆగితే పని అయినట్టే. లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే పెట్రోలు పాళ్లకు కంప్యూటర్ చేసే దీర్ఘకాలిక సవరణ, 10 శాతం దాటి ప్లస్‌లోకి పోతే హోస్ క్లాంపు సరిగా పట్టకపోయి ఉండవచ్చు, లేదా తీసేటప్పుడు హోస్ చిట్లి ఉండవచ్చు. ముల్లు 750 దగ్గర కదలకుండా ఉన్నా స్టీరింగ్ ఇంకా వణుకుతుంటే అది థ్రాటిల్ తప్పు కాదు, ఇంజిన్ మౌంటు చూపించుకోండి.