సివిల్ సర్వీసుల మౌఖిక పరీక్ష

సివిల్ సర్వీసుల మౌఖిక పరీక్ష అనేది యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (యు.పి.ఎస్.సి.) నిర్వహించే సివిల్ సర్వీసుల పరీక్షలో చివరి దశ. దీనిని వ్యక్తిత్వ పరీక్ష అని, వాడుకలో ఇంటర్వ్యూ అని అంటారు. ఇది న్యూఢిల్లీలోని షాజహాన్ రోడ్డులో ఉన్న ధోల్పూర్ హౌస్‌లో జరుగుతుంది.

మార్కులు

2013 నుండి అమలులో ఉన్న విధానం ప్రకారం ప్రధాన పరీక్షకు 1750, మౌఖిక పరీక్షకు 275, మొత్తం 2025 మార్కులు. మౌఖిక పరీక్షలో కనీస అర్హత మార్కులు లేవు. కానీ ఒకటి రెండు మార్కుల తేడాతోనే ర్యాంకులు, సర్వీసులు మారిపోతాయి కనుక ఈ అరగంట సంభాషణ చాలా విలువైనది. మౌఖిక పరీక్షకు మితిమీరిన మార్కులు ఉంటే పక్షపాతానికి తావుంటుందని 1985లో అశోక్ కుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది.

పరిశీలించే అంశాలు

ఇక్కడ విషయ పరిజ్ఞానాన్ని మళ్ళీ పరీక్షించరు. ఆ పని రాత పరీక్షలో పూర్తయింది. మానసిక చురుకుదనం, తర్కబద్ధంగా చెప్పగలగడం, సమతూకమైన నిర్ణయశక్తి, నాయకత్వ లక్షణాలు, నైతిక నిజాయితీ వంటి వాటిని మండలి పరిశీలిస్తుంది.

సన్నాహం

* '''దరఖాస్తు:''' అనేక ప్రశ్నలు అభ్యర్థి నింపిన సవివర దరఖాస్తు నుండే పుడతాయి. స్వస్థలం, చదువు, అభిరుచులు, ఎంచుకున్న సర్వీసుల క్రమం, వీటిలో ప్రతిదానికీ కారణం చెప్పగలగాలి. ఉదాహరణకు పోచంపల్లి నుండి వచ్చిన వ్యక్తికి ఇక్కత్ నేత గురించి, 1951లో అక్కడ మొదలైన భూదానోద్యమం గురించి తెలిసి ఉండాలి.
* '''అభిరుచులు:''' గొప్ప కోసం రాసిన అభిరుచి రెండవ ప్రశ్నకే బయటపడుతుంది.
* '''వర్తమాన వ్యవహారాలు:''' ప్రతి వివాదాంశంలోనూ ఇరుపక్షాల వాదనలు తెలుసుకుని, ఆపై సొంత అభిప్రాయం ఏర్పరచుకోవాలి.
* '''నమూనా ఇంటర్వ్యూలు:''' తడబాటు పోవడానికి ఇవి ఉపయోగపడతాయి. అయితే బట్టీపట్టిన జవాబులు కృత్రిమంగా వినిపిస్తాయి.
* '''తెలియని ప్రశ్న:''' ఊహించి చెప్పడం కంటే తెలియదని వినయంగా ఒప్పుకోవడం మేలు. నిజాయితీ కూడా పరిశీలనాంశమే.

భాష

ప్రధాన పరీక్షను తెలుగులో రాసినవారు మౌఖిక పరీక్షకు తెలుగు, హిందీ, ఆంగ్లాలలో ఒకదానిని ఎంచుకోవచ్చు. ఆంగ్లం ధారాళంగా రాదన్న భయంతో గ్రామీణ అభ్యర్థులు వెనుకడుగు వేయనవసరం లేదు. తెలుగును ఎంచుకున్నవారు పరిపాలన, ఆర్థిక శాస్త్ర పదాలను తెలుగులో చెప్పడం ముందుగా సాధన చేయాలి.

ఇతర నియామకాలు

కేంద్ర ప్రభుత్వంలోని గ్రూప్-బి (నాన్ గెజిటెడ్), గ్రూప్-సి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు రద్దయ్యాయి. తెలంగాణలో 2022లో వెలువడిన గ్రూప్-1 ప్రకటనలోనూ మౌఖిక పరీక్ష లేదు. కాబట్టి అభ్యర్థులు సన్నాహం ప్రారంభించే ముందు ఆయా ప్రకటనలను జాగ్రత్తగా చదవాలి.