3.4 మేత చేపల్లో పోషక విలువ: రుతువును బట్టి మార్పులు

సముద్రంలో గుంపులుగా తిరుగుతూ, ప్లవకాలను తిని, తాము పెద్ద చేపలకు, పక్షులకు, క్షీరదాలకు ఆహారమయ్యే చిన్న చేపలను మేత చేపలు అంటారు. హెర్రింగ్, స్ప్రాట్, సార్డీన్, ఆంచోవీ ఈ కోవకు చెందినవి. సముద్రంలో ఆహారం ఎంత ఉందో చెప్పడానికి సాధారణంగా చేపల బరువును లెక్కిస్తారు. ఆ బరువులో ఎంత శక్తి ఉందన్నది వేరే ప్రశ్న. ఈ విభాగంలో దానిని పరిశీలిద్దాం.

దేహ సంఘటన

చేప దేహంలో ముఖ్యంగా నీరు, ప్రోటీన్లు, కొవ్వు, ఖనిజ లవణాలు ఉంటాయి. పిండిపదార్థాలు నామమాత్రమే. ప్రోటీన్ శాతం ఏడాది పొడవునా అంతగా మారదు. కొవ్వు, నీరు మాత్రం విలోమంగా మారుతుంటాయి. కొవ్వు తగ్గిన చోట నీరు చేరుతుంది. ఈ రెండింటి మొత్తం సుమారు 80 శాతం. అందువల్ల తూకం చూసి చేప బలిసిందో, చిక్కిందో చెప్పలేం.

ఒక గ్రాము కొవ్వులో సుమారు 39.5 కిలోజౌళ్ల శక్తి, ఒక గ్రాము ప్రోటీన్‌లో సుమారు 23.6 కిలోజౌళ్ల శక్తి ఉంటాయి. ఉదాహరణకు 100 గ్రాముల చేపలో 16 గ్రాముల ప్రోటీన్, 20 గ్రాముల కొవ్వు ఉంటే మొత్తం శక్తి సుమారు 1,168 కిలోజౌళ్లు. ప్రోటీన్ అంతే ఉండి, కొవ్వు 4 గ్రాములకు తగ్గితే శక్తి 536 కిలోజౌళ్లే. బరువు మారలేదు, శక్తి సగానికి పైగా పడిపోయింది.

రుతుచక్రం

ఉత్తర సముద్రపు హెర్రింగ్ వసంతంలో, వేసవి తొలినాళ్లలో కోపిపోడ్లను విస్తారంగా తిని కొవ్వు నిల్వ చేసుకుంటుంది. తర్వాత ఆ నిల్వలు బీజకోశాల పెరుగుదలకు ఖర్చవుతాయి. శరదృతువులో గుడ్లు పెట్టి, చలికాలంలో అంతంతమాత్రంగా తిని, వసంతారంభానికి బాగా చిక్కిపోతుంది. నెదర్లాండ్స్‌లో 'కొత్త హెర్రింగ్' పేరుతో అమ్మే చేపలో కనీసం 16 శాతం కొవ్వు ఉండాలన్న నియమం ఈ రుతుచక్రం మీద ఆధారపడినదే.

మన నైరుతి తీరంలోని నూనె కవళ్లలోనూ ఇటువంటి మార్పు కనిపిస్తుంది. నైరుతి రుతుపవన కాలంలో గుడ్లు పెట్టి చిక్కిన చేపలు, ఆ తర్వాత సమృద్ధిగా దొరికే ప్లవకాలను తిని మళ్లీ నూనె పట్టుతాయి.

పర్యవసానం

రుతువుతో వచ్చే మార్పుకు తోడు, కొన్ని సంవత్సరాల్లో చేపలు ఉండవలసినంత కొవ్వు పట్టవు. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని ఐల్ ఆఫ్ మే దీవిలో గిల్లెమాట్ పక్షులు పిల్లకు ఒక్కో విడతకు ఒక్క చేపనే తెస్తాయి. 2004లో అవి తెచ్చిన స్ప్రాట్ చేపల్లో శక్తి చాలా తక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఆ ఏడాది పిల్లల పెంపకం ఘోరంగా దెబ్బతినడానికి ఇదే కారణమై ఉండవచ్చని వారు భావించారు. ముక్కున చేప ఉన్నా, పిల్లకు సరిపడా శక్తి అందలేదు.

కాబట్టి చేపల నిల్వలను అంచనా వేసేటప్పుడు టన్నులతో పాటు, ఆ చేపలను ఏ రుతువులో పట్టారో, వాటిలో కొవ్వు ఎంత ఉందో కూడా తెలియాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కొవ్వు తగ్గినా చేప బరువు దాదాపు మారకపోవడానికి కారణమేమిటి?
2. 100 గ్రాముల చేపలో 16 గ్రాముల ప్రోటీన్, 10 గ్రాముల కొవ్వు ఉంటే శక్తి విలువ ఎంత?